నోరులేని నొప్పి

చరిత్ర అంటే రాజుల వంశావళి కాదని అభ్యుదయ విమర్శకులు ఏనాడో తేల్చారు. కాని స్త్రీ శరీరం కూడా చరిత్రలో భాగమేనని వొప్పుకోవటానికి మనం యింకా వెనకాడుతూనే వున్నాం. సంభోగంలో స్త్రీకి కలిగే నొప్పి అలా వెలివేసిన విషయాల్లో వొకటి. నేను వైద్యుణ్ణి కాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల చరిత్ర చదువుకునేవాణ్ణి. ఆ చదువులో యీ మౌనం నాకు పదే పదే ఎదురైంది.

నొప్పి కొత్తది కాదు. చరకసంహిత, సుశ్రుతసంహిత రెండూ యిరవై యోనిరోగాలను లెక్కించాయి. ఈడు రాని కాపురం రోగహేతువని చరకసంహిత గుర్తించింది. ‘పరిప్లుత’ అనే రోగానికి సంగమంలో తీవ్రమైన నొప్పే లక్షణమని సుశ్రుతసంహిత చెప్పింది. అంటే శాస్త్రానికి తెలుసు, సంఘమే విననొల్లలేదు.

ఆధునిక వైద్యం మాత్రం మచ్చలేనిదా? కండరాలు వాటంతటవే బిగిసిపోయే స్థితికి 1861లో ‘వెజినిస్మస్’ అని పేరు పెట్టిన అమెరికా వైద్యుడు మేరియన్ సిమ్స్, దానికి కత్తినే మందుగా ఎంచాడు. అంతకు ముందు బానిస స్త్రీల మీద, మత్తుమందు లేకుండా, శస్త్రచికిత్సలు చేసి చేయి తిప్పుకున్నవాడు యితడే. శాస్త్రం పెరిగింది, కాని ఎవరి వొంటి మీద పెరిగిందో మరువరాదు.

మన దేశంలో యీ ప్రశ్న మొదట చట్టం రూపంలో బయటికి వచ్చింది. 1890లో కలకత్తాలో ఫూల్మణి అనే బాలవధువు మరణంపై విచారణ జరిగింది. దరిమిలా 1891లో సమ్మతి వయస్సును పది నుంచి పన్నెండేళ్లకు పెంచితే, తిలక్ వంటి దేశభక్తుడే వ్యతిరేకించాడు! అది బ్రిటిషిండియా చట్టం. సూర్యాపేట, మిర్యాలగూడ అప్పుడు నైజాము రాజ్యంలోనివి. యిక్కడ దొరల గడీల్లో ఆడబాపలుండేవారు. తన శరీరమే తనది కాని స్త్రీ, నొప్పి అని ఎవరితో మొరపెట్టుకోగలదు?

1946–51 సాయుధ పోరాటం ఆ గడీలను కదిలించింది. అందులో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా వెలువరించింది. భూమి ప్రశ్నను అంత ధైర్యంగా లేవనెత్తిన ఉద్యమం యింటి లోపలి ప్రశ్నను వాయిదా వేసిందని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది. తర్వాత స్త్రీల ఆరోగ్యం మీద వచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ ఆ వాయిదాను కొంత తీర్చింది.

కాని అన్యాయం రూపు మార్చుకున్నది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి మూడు పైచిలుకు. తెలంగాణలో సుమారు ఎనిమిది, ఆంధ్రలో తొమ్మిది. మిర్యాలగూడ వైపు మా బంధువొకావిడకు నడివయస్సు రాకముందే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. ఆ తర్వాత కాపురం ఆమెకు నరకమయింది. అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ పడిపోతుందనీ, తేమ తగ్గి మంట పుడుతుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. “మొగుడి మీద మనసు లేదు” అన్నారు చుట్టాలు. కొన్నాళ్లకు ఆమే ఆ మాట నమ్మింది.

నిజానికి ఆ నొప్పికి కారణాలున్నాయి: పొడితనం, అంటురోగం, కాన్పు కుట్లు, ఎండోమెట్రియోసిస్, కండరాల బిగువు, భయం. కారణాన్ని బట్టి చికిత్సా వుంది: తేమనిచ్చే జెల్, వైద్యుల సలహాతో ఈస్ట్రోజెన్ పూత, అంటురోగానికి మందు, కటి కండరాలను సడలించే వ్యాయామం, దంపతులిద్దరితో మాట్లాడటం. వీటన్నిటికన్న ముందు, వద్దంటే ఆగే భర్త వుండాలి.

2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలిశాయి. సంతోషం. అయితే ఆస్పత్రి తలుపు తెరిచినంత మాత్రాన స్త్రీ నోరు తెరుచుకోదు. “నొప్పిగా వుందా?” అని వైద్యులు అడగాలి, యింట్లో భర్త అడగాలి. యీ చిన్న ప్రశ్న అడగని సంఘం, ఎన్ని గడీలు కూల్చినా, వొక గడీని మాత్రం యింట్లోనే నిలుపుకున్నట్టే.