ఒకే సత్యవేదము, రెండు తీర్పులు

1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము వెలసెను. ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు అందు ఏకమైరి. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది మాత్రము వెలుపలనే నిలిచిరి. ఆ ఐక్యతకై 1919 నాటి తరంగంబాడి సమావేశము మొదలు శ్రమించి, 1945లో కన్నుమూసిన బిషప్ అజరయ్యగారి దోర్నకల్ మండలములోనిదే ఈ ప్రాంతము!

ఆళ్ళగడ్డ చేరువనున్న ముత్యాలపాడు, నంద్యాల పందొమ్మిదవ శతాబ్దినుండి ఎస్.పి.జి. మిషను కేంద్రములు. బిషపు చేతులుంచి ఇచ్చినదే గురుపట్టమని ఆ మిషను సంప్రదాయము. కొత్త సంఘమో, ఇతర సంఘముల గురువులను మరల పట్టాభిషేకము లేకయే స్వీకరించెను. చిక్కంతయు ఇచ్చటనే. సొంత తలంపు కంటె సత్యవేదమే ప్రమాణమని ఉభయులకును సమ్మతమే. ఐక్యతావాదులు శిష్యులందరు ఏకమై యుండవలెనన్న క్రీస్తు ప్రార్థనను చూపిరి. కాదన్నవారు అపొస్తలుల హస్తనిక్షేపణమును చూపిరి. లోబడుటకు ఇరువురును సిద్ధమే. ఏ వాక్యమునకు ముందుగా లోబడవలెనన్నదే తగవు. మిషను నిధుల చింతయు ఇందు కలిసియుండెనేమో. దానినే మూలకారణమనుట మాకు సమ్మతము కాదు.

1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమయ్యెను. ఈలోగా దక్షిణ ఇండియా సంఘమున నూతన గురువులందరు బిషపుల చేతనే పట్టము పొందుచుండిరి. 1975లో నంద్యాలయు అందు చేరెను.