ఫౌజులో రేడియో పని చేసినవారికి బయట ఏ ఉద్యోగాలు? దారులు, కాగితాలు, జాగ్రత్తలు

మా ఇంటి పక్క చాచా 17 ఏళ్లు ఆర్మీ సిగ్నల్స్‌లో చేసి ఇంటికి వచ్చారు. బయోడేటాలో పని గురించి ఒకే ఒక్క లైను రాసుకున్నారు: "ఎక్స్ సర్వీస్‌మన్, రేడియో ఆపరేటర్". ఆ కాగితం పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగితే నాలుగు చోట్లా ఒకటే మాట. "సెక్యూరిటీ గార్డు పోస్టు ఉంది, చేరతారా?" అప్పటికి ఆయన వయసు 36. పెద్దమ్మాయి ఇంటర్, చిన్నోడు ఎనిమిదో తరగతి.

గార్డు పని తక్కువదని కాదు. కానీ చాచా 17 ఏళ్లు చేసిన పనికి బయట వేరే పేరు ఉంది, వేరే జీతం ఉంది. ఆ పేరు ఆయనకు తెలియదు. ఆయన ఏం చేశారో ఎదురుగా కూర్చున్నవాళ్లకు తెలియదు. ఫౌజులో రేడియో, సిగ్నల్స్ పని చేస్తున్నవారు, త్వరలో బయటికి రాబోతున్నవారు, వాళ్ల ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన వివరాలు ఇవి.

అసలు ఆ పని ఏమిటి?

రేడియో తరంగాలకు కొలత ఉంటుంది. 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు హెచ్ఎఫ్. ఇది ఆకాశంలో పై పొరకు తగిలి తిరిగి నేలకు వస్తుంది కాబట్టి వందల కిలోమీటర్లు పోతుంది. 30 నుంచి 300 వరకు వీహెచ్ఎఫ్, 300 నుంచి 3000 వరకు యూహెచ్ఎఫ్. ఇవి దాదాపు కంటిచూపు ఆనేంత దూరమే బాగా పనిచేస్తాయి. మధ్యలో కొండ అడ్డం వస్తే మరో చోట రిలే పెట్టాలి.

ఒకే ప్రాంతంలో చాలా సెట్లు ఒకేసారి మాట్లాడితే ఒకదాని మీద ఒకటి పడతాయి. ఎవరికి ఏ ఫ్రీక్వెన్సీ ఇవ్వాలి, యాంటెన్నా ఎంత ఎత్తులో ఏ దిక్కుకు పెట్టాలి, గోల ఎక్కడి నుంచి వస్తోంది, దాన్ని ఎలా ఆపాలి అన్నది చూసుకోవడమే స్పెక్ట్రమ్ పని. మన ఆర్మీలో సిగ్నల్స్ కోర్ 1911 ఫిబ్రవరి 15న మొదలైంది. జవాన్ల ట్రైనింగ్ సెంటర్లు జబల్‌పూర్, గోవాలో ఉన్నాయి. పై చదువుకు మధ్యప్రదేశ్‌లోని మహూ కాలేజీ ఉంది. ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు బెంగళూరు జాలహళ్లి, నేవీ వాళ్లకు కొచ్చి. అంటే ఇది చూసి చూసి నేర్చుకున్న పని కాదు, ట్రైనింగ్ తీసుకుని చేసిన పని.

బయట దీని ధర ఎంత?

నేను బీకాం చదివాను. స్పెక్ట్రమ్ అంటే ఏమిటో నాకు దాని ధర చూశాకే అర్థమైంది. 2022 వేలంలో కేంద్ర ప్రభుత్వం 51,236 మెగాహెర్ట్జ్ అమ్మింది. వచ్చిన మొత్తం సుమారు 1,50,173 కోట్ల రూపాయలు. ఆ ఏడాది అక్టోబర్ 1న దేశంలో 5జీ మొదలైంది. అన్ని వేల కోట్లు పెట్టి కొన్న తరంగం మీద పక్కవాడి గోల పడితే కంపెనీకి నష్టమే. ఆ గోలను పట్టుకోగల మనిషి ఆ కంపెనీకి కావాలి.

ఇంకో సంగతి. మనం వాడే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకప్పుడు రక్షణ శాఖ దగ్గర ఉన్నవే. 3జీ కోసం వాళ్లు కొంత ఖాళీ చేశారు. బదులుగా బీఎస్ఎన్ఎల్ ద్వారా సైన్యానికి ప్రత్యేక ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ వేసే పని పెట్టుకున్నారు. 2018లో కేంద్ర కేబినెట్ దాని బడ్జెట్‌ను 24,664 కోట్లకు పెంచింది. దేశంలో ఏ తరంగం ఎవరిది అన్న లెక్క 1952లో ఏర్పడిన డబ్ల్యూపీసీ వింగ్ చూస్తుంది. ఫౌజీ రేడియో, మన సెల్‌ఫోను ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న ఇళ్ల లాంటివి.

ఏ పనికి ఏ ఉద్యోగం?

ఫ్రీక్వెన్సీ కేటాయింపు, ఇంటర్‌ఫియరెన్స్ వెతకడం చేసినవారికి: ఆర్ఎఫ్ ప్లానింగ్, ఆప్టిమైజేషన్. మొదటి మెట్టు డ్రైవ్ టెస్ట్ ఇంజనీర్. బండిలో లాప్‌టాప్, ఫోన్లు పెట్టుకుని వీధి వీధి తిరిగి సిగ్నల్ కొలిచే పని ఇది. జీతం మొదట్లో తక్కువే, కానీ పైకి దారి ఉంటుంది.

యాంటెన్నా, మాస్ట్, రేడియో రిలే చేసినవారికి: టవర్ సైట్ పనులు, మైక్రోవేవ్ లింకుల ఇన్‌స్టాలేషన్, మెయింటెనెన్స్.

సెట్లు రిపేరు చేసిన టెక్నీషియన్లకు: టెస్టింగ్ ల్యాబులు. మన దేశంలో టెలికాం పరికరాలు అమ్మాలంటే ఎంటీసీటీఈ అనే తప్పనిసరి పరీక్ష ఉంది. వైఫై, బ్లూటూత్ వస్తువులకు డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనుమతి కావాలి. స్పెక్ట్రమ్ ఎనలైజర్ మీద చేయి తిరిగినవారికి ఇక్కడ పని ఉంటుంది.

శాటిలైట్ టెర్మినల్ నడిపినవారికి: వీశాట్ కంపెనీలు, గ్రౌండ్ స్టేషన్లు. షాద్‌నగర్‌లో ఎన్ఆర్ఎస్‌సీ గ్రౌండ్ స్టేషన్ ఉంది. హైదరాబాద్‌లో అనంత్ టెక్నాలజీస్, ధ్రువ స్పేస్ లాంటి ప్రైవేటు కంపెనీలూ ఉన్నాయి.

రాడార్, ఎలక్ట్రానిక్ వార్‌ఫేర్ వైపు చేసినవారికి: బీఈఎల్, ఈసీఐఎల్, ఆస్ట్రా మైక్రోవేవ్ లాంటి సంస్థలు. ఈ మూడూ హైదరాబాద్‌లో ఉన్నాయి. మచిలీపట్నంలోనూ బీఈఎల్ యూనిట్ ఉంది. ప్రభుత్వ సంస్థల్లో నోటిఫికేషన్ ద్వారానే తీసుకుంటారు.

ఎక్స్‌ఛేంజ్, లైన్లు, డేటా నెట్‌వర్క్ చూసినవారికి: నెట్‌వర్క్ ఆపరేషన్ సెంటర్లు, డేటా సెంటర్లు, సైబర్ సెక్యూరిటీ. రాత్రి డ్యూటీ, లాగ్‌బుక్ రాయడం, షిఫ్టు అప్పగించడం ఫౌజీలకు కొత్త కాదు.

కొత్తగా ఏం నేర్చుకోవాలి?

నిజం చెప్పాలంటే అనుభవం ఒక్కటే చాలదు. బయట అంతా ఐపీ నెట్‌వర్కింగ్ మీద నడుస్తుంది. కాబట్టి సీసీఎన్ఏ స్థాయి నెట్‌వర్కింగ్, 4జీ, 5జీ ఎలా పనిచేస్తాయో ప్రాథమికంగా, ఎక్సెల్ బాగా, వీలైతే కొంచెం పైథాన్ నేర్చుకోవాలి. ఒకేసారి అన్నీ మొదలుపెట్టొద్దు. ముందు నెట్‌వర్కింగ్, తర్వాత మీ లైనుకు పనికొచ్చేది.

హ్యామ్ రేడియో లైసెన్సు కూడా మంచిదే. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983 నుంచి ఉంది. ఈ లైసెన్సు ఉద్యోగం ఇవ్వదు. కానీ మీకు రేడియో తెలుసని చూపించే ప్రభుత్వ కాగితం అవుతుంది. సర్వీసులో ఉన్నవారు మాత్రం యూనిట్ అనుమతి లేకుండా ఇలాంటివి మొదలుపెట్టకూడదు.

బయోడేటాలో ఏం రాయాలి, ఏం రాయకూడదు?

చాచా లాంటివాళ్లు దెబ్బతినేది ఇక్కడే. కొందరు ఏమీ రాయరు, కొందరు అన్నీ రాసేస్తారు. రెండూ తప్పే.

1923 నాటి అధికార రహస్యాల చట్టం సర్వీసు అయిపోయాక కూడా వర్తిస్తుంది. యూనిట్ ఎక్కడుంది, ఏ ఫ్రీక్వెన్సీ వాడారు, సైఫర్ పరికరాలు, ప్రత్యేక సెట్ల పనితీరు, ఆపరేషన్ల వివరాలు రాయకూడదు, ఇంటర్వ్యూలో చెప్పకూడదు. ఆఫీసులో తీసిన ఫోటోలు లింక్డ్‌ఇన్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టకూడదు. ఇంటర్వ్యూలో ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే "అది చెప్పడానికి వీల్లేదు సార్" అనడం మర్యాదైన జవాబే.

మరి ఏం రాయాలి? పని రాయాలి. "రేడియో ఆపరేటర్" బదులు ఇలా: "హెచ్ఎఫ్, వీహెచ్ఎఫ్ నెట్‌వర్కుల ఇన్‌స్టాలేషన్, నిర్వహణ. ఇంటర్‌ఫియరెన్స్ గుర్తించి సరిచేయడం. యాంటెన్నా అమరిక, కేబుల్ నష్టం కొలవడం. జెనరేటర్, బ్యాటరీ బ్యాకప్ నిర్వహణ. షిఫ్టు ఇన్‌చార్జిగా జూనియర్లకు ట్రైనింగ్." ఇందులో ఒక్క రహస్యం కూడా లేదు, కానీ హెచ్‌ఆర్ వాళ్లకు మనిషి అర్థమవుతాడు. అనుమానం ఉంటే రికార్డ్ ఆఫీసునో, పాత ఆఫీసర్‌నో అడిగి రాయండి.

మీకున్న హక్కులు

రీసెటిల్‌మెంట్ డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీఆర్, రిటైర్ కాబోయేవారికి కోర్సులు నడుపుతుంది. దరఖాస్తు యూనిట్ ద్వారా సర్వీసులో ఉండగానే పెట్టాలి. ఇంటికొచ్చాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ రంగ సంస్థలు, జాతీయ బ్యాంకుల గ్రూప్ సి పోస్టుల్లో ఇది 14.5 శాతం. పదో తరగతి పాసై 15 ఏళ్లు సర్వీసు చేసినవారు డిగ్రీ అడిగే కొన్ని గ్రూప్ సి పోస్టులకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. కానీ ప్రైవేటు కంపెనీ దీన్ని డిగ్రీగా చూడాలన్న రూలు లేదు. అందుకే సర్వీసులో ఉండగానే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసుకోవడం మేలు.

అగ్నివీరుల లెక్క వేరు. 2022 జూన్‌లో ప్రకటించిన ఈ పథకంలో నాలుగేళ్ల తర్వాత 25 శాతం వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావారికి పెన్షన్ లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. కాబట్టి పైన చెప్పిన మాజీ సైనికుల రిజర్వేషన్‌ను నమ్ముకుని కూర్చోవద్దు. సేవానిధి మొత్తం వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలని పథకం ప్రకటించినప్పుడు చెప్పారు. అగ్నివీరుల కోసం ఇగ్నో ప్రత్యేక డిగ్రీ ఉంది. అందులో సగం క్రెడిట్లు సర్వీసులో నేర్చుకున్న నైపుణ్యానికే ఇస్తారు. దీన్ని వదులుకోకండి. సేవానిధి డబ్బు చేతికి రాగానే పెళ్లి ఖర్చుకో, కారుకో పోతే 23, 24 ఏళ్ల పిల్లాడు మళ్లీ మొదటికే వస్తాడు.

గల్ఫ్ వెళ్లాలనుకుంటే

విమానాశ్రయాలు, ఆయిల్ కంపెనీలు, పోర్టుల్లో రేడియో టెక్నీషియన్ల పని ఉంటుంది. అయితే ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ అయిన ఏజెంటు ద్వారానే వెళ్లండి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఏజెంటు నంబరు చూసుకోండి. డిప్లొమా, డిగ్రీ కాగితాలకు అటెస్టేషన్ అవసరమా, ఎంత టైం పడుతుంది అన్నది ముందే కనుక్కోండి. మాజీ ఫౌజీలకు ప్రత్యేక కోటా ఉందని డబ్బులు అడిగేవాళ్లను నమ్మొద్దు.

ఇంట్లోవాళ్లు చేయాల్సింది

బయటికి రావడానికి కనీసం రెండేళ్ల ముందు మొదలుపెట్టండి. ట్రేడ్ సర్టిఫికెట్లు, కోర్సుల మార్కులు, డిశ్చార్జి బుక్, పెన్షన్ పేమెంట్ ఆర్డర్, కుటుంబ వివరాలు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లోనూ సర్వీసు రికార్డులోనూ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. మన పేర్లలో షేక్, సయ్యద్, మొహమ్మద్ ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మరో దాంట్లో పొట్టి అక్షరంగా ఉంటాయి. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్ ఇక్కడే ఆగిపోతుంది. రికార్డులో దిద్దుబాటు సర్వీసులో ఉండగా చేయించుకోవడం తేలిక.

చాచా బయోడేటా ఈసారి ఇద్దరం కూర్చుని రాశాం. రెండు సాయంత్రాలు పట్టింది. ఇప్పుడు ఆయన ఒక టెలికాం కాంట్రాక్టరు దగ్గర డ్రైవ్ టెస్ట్ పనిలో ఉన్నారు, రాత్రి పూట నెట్‌వర్కింగ్ చదువుతున్నారు. జీతం గార్డు పోస్టు కంటే మరీ ఎక్కువేం కాదు. "కానీ బేటా, ఇక్కడ నేను మాట్లాడితే వాళ్లు రాసుకుంటున్నారు" అన్నారు మొన్న.