బాలల రక్షణ సేవలు, విడవలూరు

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లాలో బంగాళాఖాతం ఒడ్డున ఉన్న విడవలూరు మండలంలో పిల్లలపై హింసను అరికట్టే ఏర్పాట్లు ఊళ్లో మొదలై నెల్లూరు దాకా సాగుతాయి. ముందుగా పసిగట్టగలిగేది అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా, బడి పంతులు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక మహిళా పోలీసు కూడా. రోజూ వచ్చే పిల్ల ఉన్నట్టుండి బడి మానేసినా, ఒంటిమీద వాతలు కనబడినా, ఫలానా ఇంటికి వెళ్లమంటే వణికిపోయినా ఆరా తీయాలి.

ఫిర్యాదుకు 1098 నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది. ఈ సేవ 1996లో ముంబైలో పుట్టింది.

లైంగిక నేరాలకు 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పితీరాలి, దాచడమూ నేరమే. పరువు పేరుతో పెద్దమనుషుల దగ్గర రాజీ చేసుకోవడం బిడ్డకు రెండోసారి అన్యాయం చేయడమే. వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండకూడదు. బిడ్డ ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో మాట్లాడాలి. రాత్రిపూట స్టేషన్లో ఉంచకూడదు. పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లో రాకూడదు.

ఆసరా అవసరమైన బిడ్డను 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను, 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఇంటికి పంపాలా, సంరక్షణ గృహంలో ఉంచాలా అన్నది సమితి తేలుస్తుంది.

నివారణకు ఆయువుపట్టు గ్రామ బాలల రక్షణ కమిటీ. సర్పంచి అధ్యక్షతన సాగాల్సిన ఈ కమిటీలో పిల్లల ప్రతినిధులకూ చోటుంది. వాళ్లను నోరు విప్పనిచ్చే కమిటీకే ఊళ్లో ఏం జరుగుతోందో తెలుస్తుంది.