సాప్ కన్సల్టెంట్: విశాఖ, తగరపువలసల వైపు నుంచి ఒక వృత్తి చరిత్ర

పెద్ద పని తలపెట్టే ముందు సలహా సంస్థను పెట్టుకోవడం విశాఖకు సాఫ్ట్‌వేర్ రాకముందే అలవాటు. ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగాక ఎం.ఎన్. దస్తూర్ కంపెనీని కన్సల్టెంటుగా నియమించారు. సవరించిన సమగ్ర నివేదికను ఆ కంపెనీ, సోవియట్ సంస్థ జిప్రోమెజ్ కలిసి 1980 నవంబరులో ఇచ్చాయి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. జర్మనీలో సాప్ కంపెనీ ఆర్/3 సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసిందీ ఆ ఏడాదే.

కొనుగోళ్లు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకాలు, జీతాలు, ఖాతాలు అన్నీ ఒకే డేటాబేస్‌లోకి తెచ్చే ఈఆర్‌పీ అది. కొన్న వెంటనే వాడుకునే సరుకు కాదు. ప్రతి సంస్థ పనితీరుకూ తగ్గట్టు అమర్చుకోవాలి. సంస్థలోవాళ్లకు తమ పని తెలుసు గానీ సాఫ్ట్‌వేర్ తెలియదు. ప్రోగ్రామర్‌కు కోడ్ తెలుసు గానీ కర్మాగారం తెలియదు. ఆ ఖాళీలోంచే సాప్ కన్సల్టెంట్ అనే కొత్త వృత్తి పుట్టింది. 1996లో సాప్ తెచ్చిన ఏఎస్‌ఏపీ పద్ధతి సన్నాహం, బ్లూప్రింట్, అమరిక, చివరి పరీక్షలు, గో లైవ్ (అసలు వాడకంలోకి తేవడం) అంటూ పనిని ఐదు దశలు చేసింది.

అసలు కష్టం స్టోర్స్ దగ్గర తెలుస్తుంది. ఒకే బేరింగ్ ఒక రిజిస్టర్లో తయారీదారు పేరుతో, ఇంకోదాంట్లో సైజుతో, వేరే విభాగంలో యంత్రం పేరుతో ఉంటుంది. మూడూ ఒకటేనని చెప్పగలిగేది ఏళ్ల తరబడి ఆ అరల మధ్య తిరిగిన గుమస్తాయే. ఆయన చెప్పేది ఓపిగ్గా విని రాసుకోని కన్సల్టెంట్, పాత తప్పులనే కొత్త సిస్టంలోకి ఎక్కిస్తాడు. తొందరపాటుకూ మూల్యం తప్పదు. అమెరికాలో హెర్షీ చాక్లెట్ కంపెనీ నాలుగేళ్ల సాప్ పనిని రెండున్నరేళ్లకు కుదించి, 1999లో సరిగ్గా పండుగ గిరాకీ ముందు గో లైవ్‌కు వెళ్లింది. గిడ్డంగుల్లో సరుకు ఉండి కూడా సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయింది.

తెలుగువాళ్లు ఈ రంగంలోకి పెద్ద సంఖ్యలో వచ్చింది ఆ రోజుల్లోనే. 1987లో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం ఒక దారి, హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు మరో దారి. విశాఖ దగ్గరి తగరపువలస పక్కన సంగివలసలో అనిల్ నీరుకొండ ఇంజినీరింగ్ కాలేజీ 2001లో వచ్చింది. అమెరికా హెచ్-1బి వీసాల పరిమితి 1,95,000కు పెరిగింది అప్పుడే. 2004లో అది 65,000కు పడిపోయింది. ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద ఎదురుచూసిన తెలుగు కుర్రాళ్ల జీవితాన్ని పరిశోధకుడు షియాంగ్ బియావో 2007లో పుస్తకంగా తెచ్చాడు.

కొద్ది నెలల కోర్సు స్క్రీన్లు నేర్పగలదు, కర్మాగారాన్ని నేర్పలేదు. అందుకే ఖాతాలు చూసిన అకౌంటెంట్ సాప్‌లోని ఖాతాల విభాగం ఎఫ్‌ఐసీఓలో, షాప్ ఫ్లోర్ మీద పనిచేసిన ఇంజినీర్ ఉత్పత్తి విభాగం పీపీలో త్వరగా కుదురుకున్నారు. లేని అనుభవాన్ని రెజ్యూమెలో చూపించినవాళ్ల భారమంతా క్లయింట్ దగ్గరి ఉద్యోగుల మీద పడింది.

2009 జనవరిలో సత్యం ఖాతాల కుంభకోణం బయటపడింది. చిట్టివలస జూట్ మిల్లు మూతపడిందీ ఆ సంవత్సరమే. తగరపువలస చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు తరాలుగా అన్నం పెట్టిన మిల్లు అది. కన్సల్టింగ్ పని మాత్రం ఆగలేదు. 2015లో సాప్ కొత్త తరం ఎస్/4హానాను తెచ్చి, ఆర్/3 తర్వాత వచ్చిన పాత ఈసీసీకి సాధారణ మద్దతు 2027తో ముగుస్తుందని 2020లో ప్రకటించడంతో, ఒకసారి అమర్చిన సంస్థల్లోనే మళ్లీ బ్లూప్రింట్లు మొదలయ్యాయి.