ఫెర్మీ వైరుధ్యం

విశ్వంలో భూమికి వెలుపల కూడా నాగరికతలు ఉండవచ్చునని లెక్కలు సూచిస్తున్నా, వాటి జాడ ఒక్కటి కూడా కనిపించకపోవడాన్ని ఫెర్మీ వైరుధ్యం అంటారు. దీనినే ఫెర్మీ పారడాక్స్ అని కూడా వ్యవహరిస్తారు. ఇటలీలో జన్మించిన అమెరికా భౌతిక శాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చింది.

నేపథ్యం

1950లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్ టెల్లర్, ఎమిల్ కొనోపిన్‌స్కీ, హెర్బర్ట్ యార్క్‌లతో కలిసి భోజనం చేస్తూండగా, గ్రహాంతరవాసులంతా ఎక్కడ ఉన్నారన్న ప్రశ్నను ఫెర్మీ లేవనెత్తాడు. 1975లో మైకేల్ హార్ట్ ఈ విషయంపై విపులమైన వ్యాసం ప్రచురించాడు. గ్రహాంతరవాసులు భూమిపై కనిపించడం లేదు కనుక పాలపుంతలో వేరే నాగరికతలు లేవని అతని వాదన.

పాలపుంతలో కనీసం 10,000 కోట్ల నక్షత్రాలు ఉన్నాయి. దీని వ్యాసం సుమారు లక్ష కాంతి సంవత్సరాలు. కాంతి వేగంలో నూరవ వంతు వేగంతో ప్రయాణించినా దీనిని ఒక కోటి సంవత్సరాలలో దాటవచ్చు. పాలపుంత వయస్సు 1,000 కోట్ల సంవత్సరాలకు పైబడినది కనుక ఈ కాలం చాలా స్వల్పం.

అన్వేషణ

1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల రేడియో టెలిస్కోపుతో టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని అనే రెండు నక్షత్రాలను పరిశీలించాడు. కృత్రిమ సంకేతాలేవీ లభించలేదు. 1977 ఆగస్టు 15న ఒహైయోలోని బిగ్ ఇయర్ టెలిస్కోపు 72 సెకండ్ల పాటు ఒక బలమైన సంకేతాన్ని నమోదు చేసింది. "వావ్" సంకేతంగా ప్రసిద్ధి చెందిన ఇది మరల వినబడలేదు.

ప్రతిపాదిత సమాధానాలు

* వెదకినది స్వల్పం: ఇంతవరకు జరిగిన రేడియో అన్వేషణను మొత్తం వెదకవలసిన దానితో పోల్చితే, అది భూమి మీది సముద్రాల ముందు ఒక చిన్న ఈతకొలను వంటిదని జేసన్ రైట్ బృందం 2018లో లెక్కకట్టింది. అందువలన ఈ నిశ్శబ్దాన్ని బట్టి నాగరికతలు లేవని తేల్చలేము.
* కాలం కలవకపోవడం: నాగరికతలు కొద్దికాలమే మనుగడ సాగిస్తే, ఒకటి సంకేతం పంపే నాటికి రెండవది పుట్టి ఉండకపోవచ్చు, లేదా నశించి ఉండవచ్చు.
* మహా వడపోత: నిర్జీవ పదార్థం నుండి నక్షత్రాలకు వ్యాపించే నాగరికత వరకు గల మెట్లలో ఏదో ఒకటి దాటడం దాదాపు అసాధ్యమని రాబిన్ హాన్సన్ 1990లలో ప్రతిపాదించాడు.

ప్రాముఖ్యత

ఆ కఠినమైన మెట్టు జీవం పుట్టుకలోనే ఉంటే మానవజాతి దానిని ఇప్పటికే దాటినట్లు. అది ముందున్నదైతే మానవజాతికి ముప్పు పొంచి ఉన్నట్లు. ఈ కారణంగానే అంగారకుడిపై స్వతంత్రంగా పుట్టిన జీవం బయటపడితే అది శుభవార్త కాబోదని తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ 2008లో వాదించాడు. జీవం పుట్టడం సులభమని తేలితే, వడపోత ముందున్నదనే అనుమానం బలపడుతుంది.