తార్నాక: గేటు బయటి ఊరు

హైదరాబాదులో తిండికీ కొనుగోళ్లకూ రాత్రి సందడికీ పేరుపడిన పేటలను చెప్పేవారు చార్మినారు, ఆబిడ్స్, ప్యారడైజ్ పేర్లతోనే సరిపెట్టుకుంటారు గాని తార్నాక దాకా రావడం అరుదు. తార్నాకకు పాతబస్తీలా వంశపారంపర్యంగా వచ్చిన బజారు లేదు, సికింద్రాబాదులా దండు కోసం వెలసిన అంగళ్లూ లేవు. ఇక్కడి వ్యాపారమంతా ఏదో ఒక ప్రభుత్వ సంస్థ గోడను ఆనుకుని, దాని గేటు తెరుచుకునే వేళలను బట్టి పెరిగినదే. ఊరి పేరులోనే ఆ గుణం కొంత కనిపిస్తుంది. ఉర్దూలో 'తార్' అంటే తీగ, 'నాకా' అంటే రాకపోకలను ఆపి చూసే చౌకీ. నిజాం కాలంలో ఒక తోట కాపలాకు ముళ్లతీగ కంచెతో ఏర్పడిన చౌకీ వల్ల ఈ పేరు వచ్చిందన్నది ఎక్కువగా వినిపించే వివరణ.

తార్నాకను ఆనుకుని ఇప్పటి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం ఉన్న అడిక్‌మెట్ భూములు పద్దెనిమిదో శతాబ్దం చివర మహ్‌లఖాబాయి చందా జాగీరులో, అంటే శిస్తు అనుభవించే హక్కుతో పాలకుడు ఇచ్చిన భూమిలో, భాగంగా ఉండేవి. ఆమె ఉర్దూ కవయిత్రి, నర్తకి, రెండో అసఫ్‌జా దర్బారులో పలుకుబడి గల స్త్రీ. కవిత్వమూ సంగీతమూ రాత్రి పొద్దుపోయేదాకా సాగే కొలువులకు, అంటే మెహ్‌ఫిళ్లకు, పేరుపొందిన వ్యక్తి. ఆమె 1824లో మరణించింది, సమాధి తార్నాకకు ఎంతో దూరంలేని మౌలాలి గుట్ట దిగువన ఉంది. ఆ మెహ్‌ఫిళ్ల రాణి నేల మీద ఇప్పుడు రాత్రి రెండింటికి దీపం వెలుగుతుంటే అది పోటీ పరీక్షకు చదువుకునే విద్యార్థి గదిదే అయి ఉంటుంది.

ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917లో జారీచేసిన ఫర్మానా, అంటే రాజాజ్ఞ, ఫలితంగా 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఉర్దూలో బోధించడానికి పూనుకుంది. అందుకవసరమైన పాఠ్యగ్రంథాలను దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ తయారుచేసింది. తరగతులు తొలుత నగరంలో నిజాం కళాశాల పక్క భవనాల్లో నడిచాయి, పట్టణ నిర్మాణ శాస్త్రవేత్త పాట్రిక్ గెడ్డిస్ సూచన మేరకు శాశ్వత స్థలంగా అడిక్‌మెట్‌ను ఎంచుకున్నారు. బెల్జియం వాస్తుశిల్పి జాస్పర్ రూపకల్పనలో ఆర్ట్స్ కళాశాలకు 1934లో పునాది పడి, 1939లో ప్రారంభోత్సవం జరిగింది. ప్రాంగణం అంచున ఉన్న మాణికేశ్వర్‌నగర్‌ను జనం నేటికీ వడ్డెరబస్తీ అనే పిలుస్తారు. రాతిపని కులవృత్తిగా గల వడ్డెరల పేరు ఒక బస్తీకి మిగలడం, ఆ గులాబీ గ్రానైటు భవనాన్ని మెచ్చుకునేవారు గుర్తుంచుకోదగిన సంగతి.

తార్నాక పక్కనున్న లాలాగూడలో 1893 నాటికే రైల్వే కర్మాగారం ఉంది. దానికి ఇటువైపున 1944లో మొదలై తర్వాత ప్రాంతీయ పరిశోధనాలయంగా, 1989 నుంచి ఐఐసీటీగా పిలవబడుతున్న రసాయన పరిశోధన సంస్థ, 1958లో కూనూరు నుంచి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయం, 1961లో ఏర్పడిన భూభౌతిక పరిశోధన సంస్థ, ఆ తర్వాత కణ, అణుజీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వరుసగా చేరాయి. నెల జీతం మీద బతికే, దేశంలోని అనేక ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు ఈ సంస్థల వెంట వచ్చాయి. కాబట్టి ఇక్కడి దుకాణాలకు పండగ రద్దీ కన్నా మొదటివారం రద్దీ ముఖ్యమైంది.

తిండి చరిత్రలో తార్నాకకు గల అసలు గొప్పతనం ఏ హోటలుదీ కాదు, ఆ పోషకాహార పరిశోధనాలయానిది. 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారిన ఈ సంస్థలోనే గోపాలన్, శ్రీకాంతయ్య జొన్నలు తినే పేదల్లో కనిపించే పెల్లాగ్రాపై పరిశోధన చేశారు. ఎండ తగిలే మెడా చేతులూ నల్లబడి పొట్టు లేచే ఈ జబ్బు నయాసిన్ అనే విటమిను లోపం వల్ల వస్తుంది. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉండటం కూడా దీనికి కారణం కావచ్చునని 1960లో వారు సూచించారు. జొన్నరొట్టెను ఆరోగ్యం పేరిట ఎక్కువ ధర పెట్టి కొనుక్కునే నేటి తరానికి ఇది వింతగా తోచవచ్చు గాని, జబ్బు రొట్టెది కాదు, రొట్టె తప్ప మరేమీ దొరకని పేదరికానిది.

విద్యార్థి భోజనానికి కేంద్రం హాస్టలు మెస్సు. నెల ఖర్చును తిన్నవారి మధ్య పంచి బిల్లు వేసే పద్ధతిని 'డివైడింగ్' అంటారు. ఉపకార వేతనం ఆలస్యమైతే బిల్లు బాకీ పడటం, మెస్సు మూతపడే రోజుల్లో గేటు బయటి బండ్ల దగ్గర గుంపు పెరగడం దీని పర్యవసానాలు. ఆ బండి దగ్గర స్టీలు పళ్లెం మీద పలుచని పాలిథిన్ కాగితం పరిచి, నాలుగు ఇడ్లీలు వేసి, వాటి మీదే పల్లీ చట్నీ ధారగా పోసి, పక్కన చెంచాడు అల్లం చట్నీ పెట్టి ఇస్తారు. తిన్నాక కాగితం తీసి పారేస్తే పళ్లెం మళ్లీ సిద్ధం, నీళ్ల ఖర్చు లేదు. చాయ్‌ను 'వన్ బై టూ' అని ఇద్దరు పంచుకోవడం చేతిలో ఉన్న చిల్లరకు తగిన మర్యాద. ఏది ఎవరి తిండి అన్న తగువు కూడా ఈ ప్రాంగణంలో చిన్నది కాదు: 2012 ఏప్రిల్‌లో దళిత విద్యార్థులు తమ ఆహారాన్ని బహిరంగంగా వండుకుని తినే హక్కు కోసం జరిపిన పెద్దకూర, అంటే గొడ్డుమాంసం, పండగ ఘర్షణలకు దారితీసింది.

వీధులకు పేర్లకు బదులు అంకెలే ఉన్న తార్నాక, పక్కనున్న హబ్సిగూడల్లో కొనుగోళ్లు మొదటినుంచీ అవసరం మేరకే సాగాయి: జిరాక్సు, పోటీ పరీక్షల పుస్తకాలు, హాస్టలుకు కావలసిన బకెట్టూ పరుపూ. రాత్రి కాలక్షేపమంటే చాలాకాలం ఆరాధన థియేటరులో రెండో ఆట, ఆ తర్వాత నడిచి హాస్టలు చేరడం. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడం మొదలయ్యాక హబ్సిగూడ ఎనిమిదో నంబరు వీధి వంటి చోట్లకు బయటివారూ తినడానికి వస్తున్నారు. అయినా ప్రాంగణం పక్క బండివాడు మాత్రం నేటికీ పరీక్షల టైంటేబులు చూసుకునే పిండి రుబ్బించుకుంటాడు.