వయసుతో వచ్చే చెవి హోరు: డాక్టరు మందులతో మూలికలు కలిసినప్పుడు

బయట ఏ చప్పుడూ లేకపోయినా చెవిలోనో తలలోనో హోరు, ఈల, గుయ్‌మనే మోత వినిపించడాన్ని వైద్యులు టిన్నిటస్ అంటారు. ఆయుర్వేదంలో దీని పేరు కర్ణనాదం. ఇది జబ్బు కాదు, లక్షణం. వయసు పైబడేకొద్దీ లోపలి చెవిలోని కాక్లియాలో శబ్దాన్ని పట్టుకునే రోమకణాలు నశిస్తాయి. ఒకసారి పోయినవి మళ్లీ పుట్టవు. అక్కడి నుంచి రావలసిన సంకేతాలు తగ్గడంతో మెదడులోని వినికిడి కేంద్రాలు ఉన్న కొద్దిపాటి సంకేతాలనే పెంచుకుంటాయని, హోరు అలా పుడుతుందని ఎక్కువమంది పరిశోధకులు భావిస్తున్నారు.

ఈ హోరును పూర్తిగా పోగొట్టే మందుగా అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇంతవరకు దేన్నీ ఆమోదించలేదు. మన దగ్గర తరచుగా రాసే బీటాహిస్టిన్ కూడా హోరును తగ్గిస్తుందనడానికి తగిన ఆధారాలు లేవు. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రం, హోరు తెచ్చిపెట్టే బాధను తట్టుకోవడానికి కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉపయోగపడతాయి. మాత్రతో తగ్గని బాధ కాబట్టే చాలామంది మూలికల వైపు చూస్తారు. అయితే ఈ వయసువారిలో చాలామంది అప్పటికే బీపీకి, షుగరుకు, గుండెకు, థైరాయిడ్‌కు మందులు వాడుతుంటారు. పైగా కాలేయం, మూత్రపిండాలు మందులను బయటికి పంపే వేగం తగ్గి ఉంటుంది. అసలు ముప్పు ఇక్కడే ఉంది.

హోరు కోసం ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడుపోయే మూలిక జింకో బిలోబా. చైనాకు చెందిన ఒక చెట్టు ఆకుల సారం ఇది. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడిన అధ్యయనంలో వెయ్యిమందికి పైగా పాల్గొన్నారు. వారిలో కొందరికి రోజుకు 3 సార్లు 50 మిల్లీగ్రాముల చొప్పున 12 వారాలు జింకో, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అమెరికా ఈఎన్‌టీ వైద్యుల సంఘం 2014 మార్గదర్శకాల్లో జింకో, మెలటోనిన్, జింక్ వంటి వాటిని హోరుకు సిఫారసు చేయవద్దని చెప్పింది. లాభం తేలని ఈ ఆకుసారంలోని జింకోలైడ్‌లు రక్తంలోని ప్లేట్‌లెట్లు అతుక్కోవడాన్ని కొంత అడ్డుకోగలవు. విడిగా జింకో వాడిన ఆరోగ్యవంతులలో రక్తం గడ్డకట్టడం పెద్దగా మారకపోయినా, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వాడేవారిలో రక్తస్రావమైన ఉదంతాలు నమోదయ్యాయి. కాబట్టి ఇలా రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు జింకోకు దూరంగా ఉండడమే సరైన పని. మూర్ఛ మందులు వాడేవారికీ ఇదే వర్తిస్తుంది.

మన మూలికల విషయంలోనూ జాగ్రత్త కావాలి. కర్ణ రోగాలకు ఆయుర్వేదం చెప్పే సారివాది వటిలో అతిమధురం, అభ్రక భస్మం, లోహ భస్మం ఉంటాయి. అతిమధురంలోని గ్లైసిరైజిన్ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు, నీరు నిలుస్తాయి, పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. ఫ్యూరోసెమైడ్ వంటి నీరు పోయే మాత్రలతో పొటాషియం మరింత తగ్గుతుంది. అలాంటప్పుడు గుండె మందు డిగాక్సిన్ వాడేవారి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. లోహ భస్మంలోని ఇనుము థైరాయిడ్ మందు థైరాక్సిన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి ఈ రెండింటినీ ఒకేసారి వేసుకోకూడదు. అశ్వగంధ థైరాయిడ్ హార్మోను స్థాయిని మార్చవచ్చు, నిద్రమాత్రల మత్తును పెంచవచ్చు. గుగ్గులు బీపీ మందులైన ప్రొప్రనలాల్, డిల్టియాజెమ్ రక్తంలోకి చేరడాన్ని తగ్గిస్తుంది. పసుపు క్యాప్సూళ్లలో కలిపే మిరియాల సారం పైపరిన్ ఇందుకు విరుద్ధంగా పనిచేసి, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ వంటి మందుల స్థాయిని రక్తంలో పెంచుతుంది. చారులో వేసే మిరియాలు, కూరలో వేసే పసుపు గురించి బెంగ అక్కర్లేదు. చిక్కంతా గాఢమైన సారాలతోనే.

అమెరికాలో ఉంటున్న పిల్లలు తెచ్చే సీసాల్లో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఉందేమో చూడాలి. ఇది కాలేయంలోని ఎంజైములను ప్రేరేపించి వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది, డిగాక్సిన్ ప్రభావాన్నీ తగ్గిస్తుంది. డిప్రెషన్ మాత్రలతో కలిస్తే సెరటోనిన్ పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇలాంటి సప్లిమెంట్లు పనిచేస్తాయని అమ్మకానికి ముందే నిరూపించనక్కర్లేదు. ఆయుర్వేద ఉత్పత్తుల నాణ్యతా అన్నిచోట్లా ఒకటి కాదు. బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడిందని 2004లో జామా పత్రిక ప్రచురించింది.

మూలిక కొనే ముందే, వాడుతున్న మందులలో ఏదైనా హోరుకు కారణమేమో చూడడం అవసరం. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, క్వినైన్, జెంటామైసిన్, ఆమికాసిన్, సిస్‌ప్లాటిన్, అధిక మోతాదులో ఇచ్చే ఫ్యూరోసెమైడ్ చెవిని దెబ్బతీయగలవు. అలాగని అనుమానం రాగానే మాత్ర ఆపేయకూడదు. మూర్ఛకు, ఆందోళనకు ఇచ్చే క్లోనజెపామ్ వంటివి హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు చూర్ణాలు, కషాయాలు, సీసాలు అన్నీ తీసుకెళ్లాలి. ఆయుర్వేద వైద్యుడికి అల్లోపతి చీటీ చూపించడమూ అంతే ముఖ్యం. ఒకేసారి రెండు కొత్త వాటిని మొదలుపెడితే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. వార్ఫరిన్ వాడేవారు ఏ మూలిక మొదలుపెట్టినా, మానినా రక్తం గడ్డకట్టే తీరును చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకోవాలి. ఆపరేషన్‌కు కనీసం 2 వారాల ముందే మూలికలు ఆపాలని మత్తు వైద్యులు కోరుతారు. హోరు ఒక చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు వినిపిస్తున్నా ఈఎన్‌టీ వైద్యుడిని కలవాలి. వినికిడి హఠాత్తుగా తగ్గితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. మందు వికటించిందనిపిస్తే రోగులు కూడా భారత ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత ఫోన్ నంబరు 1800-180-3024కు ఫిర్యాదు చేయవచ్చు.